యమున ఒడ్డున అయిదు ఉదయాలు

మొదటి రోజు, వజీరాబాద్ ఎగువన

"మామయ్యా, ఢిల్లీ దాకా వచ్చి ఎర్రకోట చూడకుండా మురిక్కాలవ చూస్తానంటావేంటి?" అంది మేనకోడలు, స్టేషన్లో నా మెడకు వేలాడుతున్న బైనాక్యులర్స్ చూసి. ఇక్కడే యూనివర్సిటీలో చదువుతోంది. రెండేళ్ళుగా రోజూ మెట్రోలో యమున దాటుతూ ఉంటుంది కాబట్టి ఆ పిల్లతో వాదించే అర్హత నాకు లేదు. యమున పొడవు 1,376 కిలోమీటర్లు. అందులో వజీరాబాద్ బరాజ్ నుంచి ఓఖ్లా బరాజ్ వరకు ఢిల్లీ నగరం మధ్య నుంచి పోయేది 22 కిలోమీటర్లు, అంటే రెండు శాతం కూడా కాదు. నది మోసే మురికిలో దాదాపు ముప్పాతిక వంతు ఈ కాస్త దూరంలోనే వచ్చి కలుస్తుంది.

మార్చి రెండో వారం. చలి పోయింది, ఎండ ఇంకా ముదరలేదు. శీతాకాలపు వలస పిట్టలు మూటాముల్లె సర్దుకుంటూ ఉంటాయి, స్థానికులు గొంతు సవరించుకుంటూ ఉంటారు. నా పథకం చాలా సాదాది. ఎగువ నుంచి దిగువకి రోజుకో చోటు. ప్రతి చోటికీ నోటుబుక్కులో ఒక పేజీ. అందులో కనిపించిన పిట్టలతో పాటు, కనిపించాల్సి ఉండీ కనిపించనివి కూడా రాయాలి.

పొద్దున్న అయిదున్నరకే ఆటో ఎక్కి జగత్‌పూర్ వైపు వెళ్ళాను. మేనకోడలు రాలేదు, "ఆదివారం పూట అర్ధరాత్రి లేవడం నావల్ల కాదు" అని దుప్పటి లోంచే చెప్పింది. కరకట్ట దిగితే ఖాదర్ నేల. వరద వచ్చినప్పుడు నది పరుచుకునే మైదానాన్ని ఇక్కడ ఖాదర్ అంటారు, మన లంక పొలాల్లాంటిదే. ఇసుకలో గోతులు తీసి పాదులు పెట్టారు. దోస తీగలు అప్పుడప్పుడే పాకుతున్నాయి. వాటి మధ్య తీతువు పిట్టల జంట ఒకటి నన్ను చూడగానే ఊరంతా లేపేసింది. వేటగాడికంటే ముందు అడవికి కబురు చెప్పే పిట్ట అది. దాని నోరు మూయించడం ఎవరి తరమూ కాదు.

నీళ్ళ అంచుకి చేరాక ఇసుక దిబ్బ మీద రెండు బాతులు కనిపించాయి. ఒళ్ళంతా నారింజ, గోధుమ రంగులు కలిసిన ఛాయ, లేత తల, వాటిలో ఒకదాని మెడకు సన్నటి నల్ల పట్టీ. పట్టీ ఉన్నది మగది. జక్కవలు! మన ప్రబంధ కవులు నాయిక వర్ణన మొదలుపెట్టగానే పరుగున పిలిచే జక్కవల జంట. పగలంతా కలిసి తిరిగి, పొద్దు గుంకగానే చెరో ఒడ్డుకూ చేరి రాత్రంతా ఒకదాన్నొకటి పిలుచుకుంటాయని కవిసమయం. అరగంట చూశాను. అవి ఒకదానికొకటి మూడు బారల దూరం కూడా పోలేదు. అయితే అరుపు మాత్రం నిజంగానే అలాగే ఉంది. ముక్కుతో తీసే దీర్ఘం, "ఆంగ్" అని. మగది అన్న వెంటనే ఆడది అందుకుంటుంది. చీకట్లో నదికి ఇటు నుంచి ఒకటి, అటు నుంచి ఒకటి వినిపిస్తే ఎవరికైనా విరహమే అనిపిస్తుంది, కవుల తప్పేం లేదు. నెల తిరిగేలోపు ఇవి లడఖ్, టిబెట్ దిక్కుగా గూళ్ళు పెట్టుకోవడానికి వెళ్ళిపోతాయి. కవులు కాపురాన్ని ఎన్నడూ చూడలేదు, బిడారం మాత్రమే చూశారు.

కానీ ఆ పూట అసలు సంగతి లకుముకిది. నలుపు తెలుపు లకుముకి. ఇది మిగతా లకుముకుల్లా ఎప్పుడూ కొమ్మ మీదే కూర్చుని కాచుకోదు. నీటికి రెండు నిలువుల ఎత్తున గాలిలోనే ఒకచోట ఆగిపోయి, రెక్కలు టపటపా కొట్టుకుంటూ, ముక్కు నిట్టనిలువుగా కిందికి పెట్టి నీళ్ళలోకి చూస్తుంది. ఒళ్ళంతా వణుకుతున్నా తల మాత్రం కదలదు. చేప కనబడితే రాయి వేసినట్టు పడుతుంది. మొదటిసారి ఖాళీ ముక్కుతో లేచింది. రెండోసారి సగం దాకా పడి, మనసు మార్చుకుని మళ్ళీ పైకి లేచింది. మూడోసారి వేలెడు వెండి చేపతో వచ్చి, మట్టిపెళ్ళ మీద రెండు బాదులు బాది తలవైపు నుంచి మింగింది.

ఇది ఎందుకింత వివరంగా రాస్తున్నానంటే, ఈ వేటకి రెండు కావాలి. నీళ్ళలో చేప ఉండాలి, ఆ చేప పైనుంచి కనబడాలి. నోటుబుక్కు మొదటి పేజీలో దీని పేరు కింద గీత గీశాను. కింద ఎక్కడి దాకా ఇది కనిపిస్తుందో చూద్దామని.

మధ్యాహ్నం యమునా జీవవైవిధ్య పార్కు. సుమారు 457 ఎకరాలు. ఢిల్లీ అభివృద్ధి సంస్థ, ఢిల్లీ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు కలిసి, పనికిరాదనుకున్న వరద నేలని మళ్ళీ చెరువులు, అడవిగా మార్చారు. ఎంత అడవి అంటే, 2016లో ఏకంగా చిరుతపులి వచ్చి మకాం పెట్టింది. చెరువులో ఎర్ర తల, ఎర్ర ముక్కు ఉన్న డైవింగ్ బాతులు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. నీటికాకులు రెక్కలు ఆరేసుకుని మొద్దుల మీద కూర్చున్నాయి. బాగుంది, కానీ పొద్దుటి ఇసుక దిబ్బ ముందు పార్కు పార్కులాగే అనిపించింది.

రెండో రోజు, యమునా ఘాట్

ఈసారి మేనకోడలు వచ్చింది. కారణం పిట్టలు కావు, ఫోటోలు. కశ్మీరీ గేట్ మెట్రో దగ్గర దిగి నడిస్తే నిగమ్‌బోధ్ ఘాట్ పక్కన పడవల రేవు. శీతాకాలంలో ఇక్కడ సీగల్స్ మధ్య ఫోటో దిగనివాళ్ళు ఢిల్లీలో లేరని చెప్పుకోవచ్చు. మేం వెళ్ళేసరికి పెళ్ళి కాబోయే జంట ఒకటి పడవలో నిలబడి, ఫోటోగ్రాఫర్ చెప్పినట్టల్లా నవ్వుతోంది. పెళ్ళికూతురి గౌను అంచు నీళ్ళకి తగలకుండా ఒక కుర్రాడు ఎత్తి పట్టుకున్నాడు. ఆ నీళ్ళు చూస్తే ఆ కుర్రాడి మీద గౌరవం కలుగుతుంది.

వాసన గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. పావుగంటలో ముక్కు అలవాటు పడుతుంది, ఆ పావుగంట మాత్రం పొడుగు. వజీరాబాద్ బరాజ్ 1959 నాటిది. అక్కడ ఆపిన నీళ్ళని ఢిల్లీ తాగడానికి తోడుకుంటుంది. ఎండాకాలంలో గేట్ల కిందికి వదిలేది దాదాపు ఏమీ ఉండదు. ఆ వెంటనే నజఫ్‌గఢ్ నాలా అనే పెద్ద మురుగు కాలవ వచ్చి కలుస్తుంది. అంటే నిన్న నేను చూసిన నది నిన్నటితోనే అయిపోయింది. ఈ రోజు చూస్తున్నది అదే పేరుతో, అదే పక్క మీద పడుకున్న ఇంకెవరో.

పడవాయన పెద్దవయసు మనిషి. నది మధ్యకి తీసుకెళ్ళి తెడ్డు పైకెత్తి, "ఆవో! ఆవో! ఆవో!" అని గొంతెత్తాడు. ఆ పిలుపు కోసమే కాచుకున్నట్టు నీళ్ళ మీంచి, ఒడ్డు మీంచి, ఎక్కడెక్కడి నుంచో తెల్లటి రెక్కలు లేచాయి. గుప్పెడు కారప్పూస విసిరితే నీళ్ళకి తగలకముందే గాలిలో అందుకుంటున్నాయి. మీరు వెళితే వేయకండి. ఉప్పు, నూనె, శనగపిండి వాటి తిండి కాదు. నేను వద్దన్నా పక్క పడవలవాళ్ళు వేస్తూనే ఉన్నారు. నాకు కోపం, కళ్ళప్పగించి చూడటం రెండూ ఒకేసారి జరిగాయని ఒప్పుకోవాలి.

"ఇవన్నీ సైబీరియా నుంచి వచ్చాయి బాబూజీ," అన్నాడు పడవాయన. ఇక్కడ అందరూ అదే అంటారు. నిజానికి ఈ గుంపులో రెండు రకాలున్నాయి. ఎగిరేటప్పుడు రెక్క చూస్తే తెలిసిపోతుంది. ఒకదానికి రెక్క ముందంచు పొడుగునా తెల్ల పట్టీ. రెండోదానికి రెక్క కొస నల్లగా ఉండి, ఆ నలుపులో తెల్ల చుక్కలు, కిటికీలు తెరిచినట్టు. రెండోది కాస్త పెద్దది, కళ్ళు లేత రంగు. మొదటిదాన్ని నల్లతల సీగల్ అంటారు, ఉత్తరాన సైబీరియా దాకా గూళ్ళు పెట్టేది అదే. రెండోది గోధుమతల సీగల్, దాని పుట్టిల్లు లడఖ్, టిబెట్ వైపు మధ్య ఆసియా పీఠభూమి చెరువులు. సైబీరియా మొహం చూడదు. పేర్లు పెట్టినవాళ్ళు ఇంకో తమాషా చేశారు. నల్లతల దాని తల నలుపు కాదు, చాక్లెట్ రంగు. అసలు ఈ సీగల్ అన్న మాటే చూడండి, సముద్రం ఇక్కడికి దాదాపు వెయ్యి కిలోమీటర్లు.

ఆ తల రంగు మాటే చెప్పాలి. చలికాలంలో వాటి తల తెల్లగా ఉంటుంది, కంటి వెనక ఒక్క మచ్చ తప్ప. వసంతం వచ్చేసరికి తలమీది ఈకలు రాలి కొత్త ఈకలు వస్తాయి, అవి ముదురు రంగువి. గూడు పెట్టే చోటికి చేరేలోపు ముసుగు తొడుక్కున్నట్టు తలంతా నిండిపోవాలి. ఇది పుస్తకంలో చదివింది. మేనకోడలు ఫోన్ స్క్రీన్ మీద ఫోటో పెద్దది చేసి చూస్తూ, "మామయ్యా, వీడికి డై సగమే వేశారు" అంది.

చూశాను. నిజమే. నుదురు ఇంకా తెలుపు, చెంపలు మాత్రం గోధుమరంగు, మధ్యలో ఉప్పూ మిరియం కలిసినట్టు. ఇంకోదానికి ముసుగు పూర్తయింది కానీ ముక్కు చుట్టూ తెల్ల అంచు మిగిలింది. మరొకటి అసలు మొదలే పెట్టలేదు. బహుశా పోయినేడు పుట్టిన పిల్ల, తోక చివర నల్ల పట్టీ ఇంకా ఉంది. ముసుగు నిండిన వాటి కంటి వెనక సన్నటి తెల్ల చీలిక, ఎవరో గోటితో గీసినట్టు. అప్పటి నుంచి మేనకోడలికి అదే పని. నిండినవి, సగంవి, మొదలుకానివి అని వేళ్ళు మడుస్తూ లెక్క. ఇరవై పిట్టల్లో ఆరు నిండినవి, తొమ్మిది సగంవి, అయిదు తెల్లవి. నా నోటుబుక్కు లాక్కుని తనే రాసింది. నేను ఇరవయ్యేళ్ళుగా పిట్టలు చూస్తున్నాను, ఇలా లెక్కపెట్టాలని ఒక్కసారీ తోచలేదు. డై మాటకి నా తలవైపు ఓరగా చూసిందని కూడా రాయాలి కదా, రాశాను.

రేవు పక్కన మురుగు వచ్చి పడే చోట బురద తిన్నె. దాని మీద ఎర్రటి సన్నటి కాళ్ళ పొడుగు ఉల్లంకులు, కనీసం ఎనభై. పట్టుచీర అంచు ఎత్తి పట్టుకుని వాన నీళ్ళలో నడిచే వాళ్ళలా ఒక్కో అడుగూ తీసి వేస్తున్నాయి. ఆక్సిజన్ దాదాపు లేని ఆ బురదలో బతికే ఎర్ర పురుగులుంటాయి. వాటి ఒంట్లో మన రక్తంలో ఉన్నట్టే హీమోగ్లోబిన్ ఉంటుంది, దొరికిన కాస్త ప్రాణవాయువునీ అదే పట్టి ఉంచుతుంది. చేప చచ్చిన చోట పురుగు పండగ, పురుగు ఉన్న చోట ఉల్లంకి పండగ. ఇన్ని పిట్టలున్నాయంటే నది బాగున్నట్టే కదా అని ఎవరైనా అంటే ఆ తిన్నె చూపించాలి.

నలుపు తెలుపు లకుముకి కనిపించలేదు. తెల్లగొంతు లకుముకి మాత్రం రేవు మెట్ల పక్కన తీగ మీద ఉంది, నీలం వీపు మెరుస్తోంది. కాసేపటికి అది నదికి వీపు పెట్టి, గోడ మీది బల్లిని పట్టుకుంది. దీనికి చేపే కావాలన్న పట్టింపు లేదు. మిడత, బల్లి, కప్ప, ఏదైనా సరే. అందుకే ఇది ఎక్కడైనా బతుకుతుంది.

మూడో రోజు, పాత ఇనుప వంతెన

పొద్దున్నే మబ్బు. 1866లో కట్టిన రెండంతస్తుల వంతెన ఇది, పై అంతస్తు రైలుకి, కిందిది బళ్ళకి. ఢిల్లీలో యమున ఎంత ఎత్తున పారుతోందో కొలిచేది ఇక్కడే. ప్రమాద రేఖ 205.33 మీటర్లు. 2023 జులైలో నీళ్ళు 208.66 దాకా వచ్చాయి, 1978 నాటి 207.49 రికార్డు చెరిగిపోయింది. ఇప్పుడు అదే చోట ఎండిన బురద మీద కుర్రాళ్ళు క్రికెట్ ఆడుతున్నారు. వంతెన కమ్మీల కింద వానకోవెలలు మట్టి ఉండలు మోస్తున్నాయి, తోక చివర రెండు తీగలు వేలాడే రకం. గూడు సగం గిన్నెలా తయారైంది. ఒకటి మట్టి తెచ్చి అద్దుతుంటే రెండోది తీగ మీద కూర్చుని పర్యవేక్షణ.

తొమ్మిదింటికి వాన దిగింది. ఆడుతున్న కుర్రాళ్ళూ నేనూ వంతెన కిందే గంటన్నర. ఇక ఆ రోజు నది లేదు.

తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు పక్కన బూరుగు చెట్టు. ఒక్క ఆకు లేదు, చెట్టంతా ఎర్రటి దళసరి పూలే. ఒక్కో పువ్వూ దోసెడంత గిన్నె, అడుగున తేనె. గోరింకలు, కాకులు, చిలకలు, వాటి మధ్య గులాబీ రంగు ఒంటి మీద నల్ల టోపీ పెట్టుకున్న గులాబీ గోరింకల గుంపు. ఇవీ దక్షిణాన చలికాలం గడిపి మధ్య ఆసియాకి తిరిగిపోతున్న బాటసారులే, చెట్టు ఫలహారశాల. ఒక కాకి తల మొత్తం పువ్వులో ముంచి తీసింది. మొహమంతా పసుపు పుప్పొడి. అదే మొహంతో పక్క పువ్వుకి వెళ్ళింది. చెట్టుకి కావలసిందీ అదే. గొడుగు కింద నిలబడి చూశాను, తడిసిపోయినా బాగా గడిచింది.

నాలుగో రోజు, ఓఖ్లా

మెజెంటా లైన్లో ఒక స్టేషన్ పేరే ఓఖ్లా బర్డ్ శాంక్చువరీ. పిట్టల పేరున మెట్రో స్టేషన్ ఉండటం నాకు ముచ్చటగా అనిపించింది. 1990లో పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. విస్తీర్ణం 4 చదరపు కిలోమీటర్లు. ఇది ఎవరూ పిట్టల కోసం తవ్విన చెరువు కాదు, బరాజ్ కట్టడం వల్ల వెనక నిలిచిన నీళ్ళు. నోయిడా మేడలు ఒక పక్క, నెత్తిన హైటెన్షన్ తీగలు, మధ్యలో జమ్ము.

ఇక్కడ నేను చేసిన ఘనకార్యం ముందు చెప్పేస్తాను. లోపలికి వెళ్ళేముందు బరాజ్ రోడ్డు మీంచి దిగువకి చూస్తే, పొగమంచులో నీళ్ళ మీద తెల్లటి గుంపులు. "తెల్లకొంగలు, నలభై పైనే" అని చెప్పి, పుస్తకంలో రాసి, కింద గీత కూడా గీశాను. మేనకోడలు బైనాక్యులర్స్ తీసుకుని కాసేపు చూసింది. "మామయ్యా, నీ కొంగలు పగిలిపోతున్నాయి" అంది. నురగ. సబ్బు, డిటర్జెంట్ల మురుగు బరాజ్ గేట్ల నుంచి దబదబా పడి చిలికినట్టై, ముద్దలు ముద్దలుగా తేలిపోతోంది. కొట్టేసిన ఆ గీత పుస్తకంలో ఇంకా ఉంది.

లోపల వేరే లోకం. కరకట్ట మీది రోడ్డు వెంట నడిస్తే ఎడమన జమ్ము దుబ్బుల్లోంచి నీలి జమ్ముకోళ్ళు ఎర్రటి కాళ్ళతో దుంపలు పీకి, అచ్చం మనిషిలా ఒక కాలితో పట్టుకుని తింటున్నాయి. గుర్రపుడెక్క ఆకుల మీద జకానా అనే నీటిపిట్ట నడుస్తోంది, దాని వేళ్ళు సాలెపురుగు కాళ్ళంత పొడుగు. జమ్ముగద్ద ఒక్కసారి తక్కువ ఎత్తులో వచ్చేసరికి బొల్లికోళ్ళన్నీ ఒకే ముద్దగా దగ్గరికి చేరాయి. నీలిగొంతు పిట్ట రోడ్డు అంచున పరుగెత్తి ఆగి, మెడ ఎత్తి గొంతు చూపించి, దుబ్బులోకి దూరింది. మొత్తం మూడు సెకన్లు. దీన్ని చూడటానికే మా స్నేహితులొకరు అయిదేళ్ళు తిరిగారు.

ఎక్కువసేపు చూసింది చెంచామూతి బాతుల్ని. ముందు వెడల్పై చెంచాలా ఉండే ముక్కు, దాని అంచులో సన్నటి దువ్వెన పళ్ళు. నీళ్ళు లోపలికి పీల్చి పక్కల నుంచి వదిలేస్తే పురుగూ పుట్రా ఆ పళ్ళకి చిక్కుతాయి. ఒకటి తింటుంటే దాని తోక వెనకే ఇంకొకటి, దాని వెనక మరొకటి. కాసేపటికి పాతిక దాకా గానుగెద్దుల్లా గుండ్రంగా తిరుగుతున్నాయి. ముందుది కాళ్ళతో రేపిన అడుసు వెనకదానికి భోజనం. ఇదీ మురుగు నీటి విందే. ఉల్లంకి తర్వాత నా పుస్తకంలో రెండో గుర్తు.

నలుపు తెలుపు లకుముకి కోసం పదకొండింటి దాకా తిరిగాం. లేదు. లేదంటే ఇక ఓఖ్లాలోనే లేదని కాదు, ఆ పూట నాకు దొరకలేదని. పేజీలో దాని పేరు రాసి పక్కన సున్నా పెట్టాను.

సాయంత్రం తిరిగి వస్తుంటే తల పైనుంచి ముక్కుతో మాట్లాడుతున్నట్టు గోల. వంకర టింకర గీతలో ముప్ఫై దాకా బూడిదరంగు పెద్ద బాతులు, ఉత్తరానికి. తల వెనక రెండు నల్ల చారలుండే రకం. హిమాలయాలు దాటిపోయే బాతులు ఇవి. ఉపగ్రహ ట్యాగులు కట్టి చూస్తే 7 వేల మీటర్లకు పైన ఎగిరినట్టు తేలింది. పల్చటి గాలి లోంచి కూడా ఆక్సిజన్ పట్టుకోగల హీమోగ్లోబిన్ వీటిది. మేనకోడలు తల వంచకుండా అవి కనుమరుగయ్యే దాకా చూసి, "అక్కడ బురదలో పురుగుదీ ఇదే కిటుకు కదా?" అంది. నాకు తట్టని మాట అది.

అయిదో రోజు, మళ్ళీ ఘాట్

రైలు మధ్యాహ్నానికి. ఈసారి ఆ పిల్లే అయిదింటికి నన్ను లేపింది. రేవులో పడవలు ఖాళీగా ఉన్నాయి, ఆ రోజు పెళ్ళి జంటలు రాలేదు. అదే పడవాయన. "తగ్గిపోయాయి బాబూజీ. రాత్రికి రాత్రి వెళ్ళిపోతాయి, చెప్పవు," అన్నాడు. తెడ్డు ఎత్తి పిలిచాడు. మొన్నటి గుంపులో మూడోవంతు కూడా రాలేదు.

మా దగ్గర కారప్పూస లేదని తెలియగానే అవి కూడా నీళ్ళ మీద వాలిపోయాయి, అదే మంచిదైంది. దగ్గరగా కూర్చున్నాయి. మేనకోడలు నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని ఇరవై లెక్కపెట్టింది. నిండినవి నాలుగు, సగంవి ఏడు, తెల్లవి తొమ్మిది.

"అదేంటి, తగ్గాయేం? మూడు రోజుల్లో నిండినవి పెరగాలి కదా?" అంది. ఇరవై పిట్టల లెక్క నమ్మొద్దు, తేడా ఊరికే కూడా రావచ్చు అన్నాను. ఆ పిల్ల ఒప్పుకోలేదు. పెన్ను కొరుకుతూ కాసేపు ఆలోచించి, "తయారైనవి ముందు వెళ్ళిపోయుంటాయి" అని రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. వచ్చే ఏడాది ఫిబ్రవరి నుంచే వారం వారం లెక్కపెడతానంది. బైనాక్యులర్స్ వదిలి వెళ్ళమంది. అవి నాకు ఇరవయ్యేళ్ళుగా తోడున్నవి. రైలెక్కే దాకా బేరం సాగింది, చివరికి వదిలేసి వచ్చాను.

రైలు యమున దాటుతుంటే కిటికీ లోంచి ఉత్త కళ్ళతోనే చూశాను. తెల్లగా ఏవో కనిపించాయి. ఈసారి రాసుకోలేదు.